గోడ నల్లబడితే... బొమ్మ తెల్లారుతుంది!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌ బాట పట్టినవాళ్లు ఎందరో. అక్కడ చెమటోడ్చి ఇక్కడ ఇల్లు కట్టుకుంటారు. సెలవుకు వచ్చిన నాలుగు రోజులైనా ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూడాలని ఓ గదిని హోమ్‌ థియేటర్‌కు కేటాయిస్తే? ప్రొజెక్టర్‌, స్పీకర్లు అన్నీ వస్తాయి. తీరా వేస్తే బొమ్మ వెలవెలబోతుంది. తప్పు యంత్రానిది కాకపోవచ్చు, గోడల తెల్లరంగుది!

తెర మీది వెలుగు గదంతా పరుచుకుంటుంది. తెల్లటి గోడలు, సీలింగ్‌ దాన్ని తిరిగి తెర మీదికే పంపిస్తాయి. దాంతో సినిమాలోని అర్ధరాత్రి కాస్తా మబ్బు పట్టిన సాయంత్రంలా కనిపిస్తుంది. సినిమా హాళ్లలో తెర చుట్టూ నలుపు ఉండేది అందుకే.

మరి ఏ రంగు వేయాలి? ముదురు బూడిద మేలు. ఎరుపు, ఆకుపచ్చ లాంటివి వేస్తే ఆ ఛాయ బొమ్మకూ అంటుతుంది. రంగు ఏదైనా మెరుపు లేని మ్యాట్‌ ఫినిష్‌ ఎంచుకోండి. నిగనిగలాడే ఎనామిల్‌ వద్దు. తెర ఉన్న గోడ, దాని ముందున్న సీలింగ్‌ ముఖ్యం. టీవీకైతే ఇంత పట్టింపు అక్కర్లేదు.

'కొత్తింట్ల నల్లరంగేంది బిడ్డా?' అని పెద్దవాళ్లు అడ్డుపడితే? తెరవైపు మాత్రమే ముదురు రంగు వేసి, పక్క గోడలకు మెరుపులేని ముదురు పరదాలు కట్టండి. సినిమా అయ్యాక పక్కకు జరిపితే సరి. మరమగ్గాల సిరిసిల్ల పక్కనుండగా బట్టకేం కొదవ?

బొమ్మ బాగాలేదని కొత్త ప్రొజెక్టర్‌ కొనేముందు ఓ డబ్బా రంగు కొని చూడండి. బోలెడు డబ్బు మిగలొచ్చు!