పురుగు పేగులోకి రోగం ఎలా చొరబడుతుంది?



పంట పోయిన ఇంటికి వెళ్ళి కారణం అడిగితే ఆకు పడలేదనో, గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో చెబుతారు. ఇందులో ఆకు మాట కొంత నిజానికి దగ్గర. చాలా రోగాలు ఆకుతోపాటు నోటి ద్వారానే పోతాయి.

కోలారు వైపు గంటు రోగం అనే పెబ్రిన్‌నే తీసుకుందాం. దీనికి కారణం నోసిమా అనే సూక్ష్మజీవి. దాని బీజం కోలగా, మిల్లీమీటరులో సుమారు 250వ వంతు ఉంటుంది. పురుగు పేగు లోపల కణాలు ఒకే వరుసలో, నాపరాళ్ళు పరిచినట్టు ఉంటాయి. వాటికి ముందు పలుచని పొర ఒకటి కాపలా. ఆకు అరగడానికి పేగులో ఊరే రసం సున్నపు తేటలాగా ఘాటు క్షారం. చిక్కంతా ఇక్కడే. పురుగును పోషించే ఆ రసమే బీజాన్ని నిద్ర లేపుతుంది. బీజంలో గడియారం స్ప్రింగులా చుట్టుకున్న సన్నని గొట్టం రెప్పపాటులో బయటికి దూసుకువచ్చి, కాపలా పొరను దాటి కణంలో గుచ్చుకుంటుంది. సూదిమందు ఎక్కించినట్టు లోపలి జీవం కణంలోకి దిగుతుంది. అక్కడి తిండి తిని, పెరిగి, కొత్త బీజాలు తయారు చేస్తుంది. కణం పగిలితే కొన్ని రెట్టతో ఆకుపై పడి పక్క పురుగులకు అంటుతాయి. రోగం కండకు, పట్టు గ్రంథికి, చివరకు అండాశయానికి పాకుతుంది.

పాలరోగం వైరస్‌ది మరో దారి. దాని గింజలు అదే రసంలో కరిగి, బయటపడిన వైరస్ పేగు కణాలకు అతుక్కుని లోపలికి జారుకుంటుంది. అక్కడినుంచి రక్తానికి చేరితే రక్తం పాలలా మారుతుంది.

కణంలోకి దిగిన పెబ్రిన్‌కు రైతు చేతిలో మందు లేదు. గుడ్డులోనే సోకిన పురుగు చాలావరకు చిన్న దశల్లోనే రాలిపోతుంది. చాకీలో సోకినది గూడు కట్టదు. నాలుగో జ్వరం తర్వాత, అంటే చివరి దశలో సోకినది మాత్రం గూడు కడుతుంది, చూపుకు బాగానే ఉంటుంది. దాని చిలుక పెట్టే గుడ్లలోనే రోగం ఉంటుంది. అందుకే 1865లో ఫ్రాన్సులో ఈ రోగం పరిశీలించడానికి వెళ్ళిన లూయీ పాశ్చర్, గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని నిలబెట్టాడు. ఈనాటికీ అదే పద్ధతి. తక్కువ ధరకు దొరికాయని చీటీ లేని గుడ్లు తెచ్చి, మూడో జ్వరానికి తట్టలన్నీ గుంతలో పూడ్చి, ఆకు బాకీ మాత్రం మిగుల్చుకున్న ఇల్లు నేను చూశాను. తల్లి పరీక్ష జరిగినట్టు చీటీ ఉన్న గుడ్లే కొనండి.

పంట దించగానే ఇల్లు, తట్టలు, చంద్రికలు శుద్ధి చేయాలి. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల ఆరిన సున్నం. పౌడరును ముందు కొద్ది నీటితో ముద్ద చేసి కలిపి, తేట మాత్రమే పిచికారీ చేయండి. నిలవ ఉండి ఘాటు పోయిన పౌడరుతో ఫలితం రాదు. జ్వరంలో పురుగులపై సున్నం చల్లితే పడక పొడిగా ఉంటుంది.

జ్వరానికి వెనకబడిన, చిన్నగా మిగిలిన పురుగులను పెరట్లో విసరకండి. కాగితపు పొట్లంలో కట్టి సేవా కేంద్రానికి తీసుకురండి. సూక్ష్మదర్శినిలో చూడడం కొద్ది నిమిషాల పని.