"చేతికి చిప్పే" అన్న మాట నన్నెందుకు వదల్లేదంటే

ఈ రోజు ఇంట్లో కూర్చుని కాదు, ఒంటిమిట్ట కోదండరాముడి గుడి దగ్గర, మా అమ్మ టెంకాయల అంగడి పక్కన కూర్చుని మాట్లాడుతున్నా. మధ్యలో బస్సు హారన్లు, "టెంకాయ ఎంతమ్మా" అనే గొంతులు వినపడతాయి, ఏమనుకోవద్దు.

ఈ రోజు టాపిక్ "నా వల్ల కాదు" అనే ఆలోచన. దీని గురించి చాలామంది చాలా చెప్పారు. నేను నాకు జరిగింది చెప్తా, అది ఎందుకు జరిగిందో చెప్తా.

నాది బీటెక్, ఈసీఈ. నాలుగేళ్ళు అయిపోయేటప్పటికి తొమ్మిది సప్లీలు ఉన్నాయి. ఇంట్లో చెప్పలేదు. "సర్టిఫికెట్ రావడానికి టైం పడుతుంది" అని రెండేళ్ళు నెట్టుకొచ్చాను. మా రెగ్యులేషన్ ప్రకారం చేరినప్పటి నుంచి ఎనిమిదేళ్ళలో అన్నీ పాసవ్వాలి, లేకపోతే డిగ్రీ లేనట్టే. అంటే ఆరేళ్ళు అయిపోయాయి, చేతిలో రెండేళ్ళు.

అప్పుడే ఒక పెళ్ళిలో మా మామ వరస ఆయన, అన్నం తింటా తింటా, అందరి ముందర "ఇట్లే తిరుగుతాంటే ఆఖరికి చేతికి చిప్పే అబ్బీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత ఎప్పుడు పుస్తకం తెరిచినా ఆ మాటే వినపడేది. అదే పెళ్ళిలో ఇంకొకాయన "నువ్వు తెలివైనోడివి, చదువుతావులే" అన్నాడు. అది నాకు గుర్తురావడానికి ఏడాది పట్టింది!

ఎందుకట్లా? రాయ్ బామీస్టర్ అనే సైకాలజిస్టు, ఇంకొందరు కలిసి 2001లో ఒక పేపర్ రాశారు. అప్పటిదాకా వచ్చిన చాలా పరిశోధనలు ముందేసుకుని చూస్తే, మంచి కన్నా చెడు మన మీద బలంగా పనిచేస్తుందని తేలింది. పొగడ్త కన్నా తిట్టు, లాభం కన్నా నష్టం. మన చేన్లో చూడండి. చీకట్లో కట్టెను చూసి పాము అనుకుంటే పోయేదేం లేదు, ఒక్క గెంతు గెంతుతాం అంతే. పామును కట్టె అనుకుంటే ప్రాణమే పోతుంది. మన బుర్ర ఆ లెక్కలోనే తయారైంది. కాబట్టి చెడ్డ మాట గుర్తుండిపోవడం మీ బలహీనత కాదు. అది నిజమని కూడా కాదు. గట్టిగా వినపడుతుంది, అంతవరకే.

సరే, నేనేం చేశానో చెప్తా. మోటివేషన్ వీడియోలు చూశాను. రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా. చూస్తున్నంతసేపూ రేపటి నుంచి ప్రపంచాన్నే మార్చేస్తా అన్నట్టు ఉండేది. పొద్దున లేస్తే ఎం2 పుస్తకం అక్కడే, నేను ఇక్కడే. (వీడియోలు చేసుకునేవాణ్ణి నేనే ఇది చెప్పడం కొంచెం ఇబ్బందే, అయినా నిజం.)

దీనికీ ఒక కారణం ఉంది. ఆల్బర్ట్ బండూరా అనే ఆయన 1977లో "సెల్ఫ్ ఎఫికసీ" గురించి రాశాడు. అంటే ఈ ఫలానా పని నేను చేయగలను అనే నమ్మకం. అది నాలుగు చోట్ల నుంచి వస్తుందన్నాడు. మనం స్వయంగా చేసి గెలిచిన పని. మనలాంటివాళ్ళు చేయడం చూడటం. ఎవరో చెప్పే మాట. ఆ టైంలో మన ఒంట్లో ఉండే దడ, కంగారు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మనం చేసిన పని. ఉత్త మాట బలం తక్కువ, ఎదురుదెబ్బ తగిలితే ఇట్టే పోతుంది. నేను రెండేళ్ళూ ఆ బలం తక్కువ దాన్నే తాగుతూ కూర్చున్నాను.

ఇక్కడ గుడి ముందర కూర్చున్నా కాబట్టి ఒకటి గుర్తొస్తోంది. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణుల విగ్రహం ఒకే రాతిలో ఉంటుంది, పక్కన హనుమంతుడు ఉండడు. ఆ విగ్రహాన్ని జాంబవంతుడు ప్రతిష్ఠించాడని ఊళ్ళో చెప్పుకుంటారు. రామాయణంలో సముద్రం ఎవరు దాటాలి అన్నప్పుడు హనుమంతుడు ఒక పక్కన కామ్‌గా కూర్చుంటాడు. అప్పుడు జాంబవంతుడు ఏం చెప్తాడు? "నువ్వు పులివి రా, దూకు" అని ఊరికే అనేసి ఆగడు. చిన్నప్పుడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరావు కదా అని, ఆయన చేసిన పనే ఆయనకు గుర్తుచేస్తాడు. ఆ మాట పనిచేసింది అందుకే అని నా అభిప్రాయం. అది ఉత్త పొగడ్త కాదు, రికార్డు.

మరి నా దగ్గర రికార్డే లేదే? అక్కడికే వస్తున్నా.

ఈ ఊరితో ముడిపడిన మనిషి ఒకాయన ఉన్నాడు, వావిలికొలను సుబ్బారావు. 1863లో జమ్మలమడుగులో పుట్టాడు. మొదట తాలూకా ఆఫీసులో ఉద్యోగం, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. ఉద్యోగం చేసుకుంటూనే వాల్మీకి రామాయణం మొత్తాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలో 24,000 శ్లోకాలు అంటారు. ఆంధ్ర వాల్మీకి అన్న పేరు అందుకే వచ్చింది. 24,000 అని తలుచుకుంటే ఎవరికైనా చెయ్యి కదలదు. ఒక్క శ్లోకం అనుకుంటే కదులుతుంది.

కానీ నన్ను పట్టుకున్నది ఆ పద్యాలు కాదు, తర్వాత జరిగింది. పాడుబడి ఉన్న ఈ గుడిని బాగుచేయించాలని పూనుకుని, అంత చదువుకున్న మనిషి టెంకాయ చిప్ప చేతపట్టుకుని ఊరూరా తిరిగి అడుక్కున్నాడు. ఆ డబ్బుతో గుడిని నిలబెట్టాడు. 1936లో పోయాడు. ఈ కథ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా అంగడిలో రోజూ టెంకాయలు చూస్తూనే ఉన్నా. కానీ ఒకరోజు పగిలిన చిప్పలు ఏరి గంపలో వేస్తుంటే తట్టింది. మామ నన్ను దేంతో భయపెట్టాడో, దాన్నే ఈయన తనంతట తాను చేతికి తీసుకున్నాడు కదా అని.

అప్పుడు తెలిసింది, నన్ను ఆపుతున్నది ఎం2 కాదు. అడగడానికి సిగ్గు. నాకు రాదని ఇంకొకరి ముందు ఒప్పుకోవడానికి సిగ్గు.

మొదట నాయనకు చెప్పాను. గొంతు రాలేదు, అయినా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఎన్నుండాయి రా?" అన్నాడు. తొమ్మిది. "ఎంత టైముంది?" రెండేళ్ళు. "సరే, పొద్దున అంగడి నేను తెరుస్తాలే" అన్నాడు. అంతే. రెండేళ్ళు నేను భయపడిన మాటల్లో ఒక్కటీ ఆయన నోట్లోంచి రాలేదు. తర్వాత వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది కూడా చెప్పాలి. పాసవ్వనందుకు కాదు, దాచినందుకు.

తర్వాత నాకన్నా మూడేళ్ళు చిన్నోడు, మా కాలేజీ జూనియర్‌కి ఫోన్ చేశాను. "ఎం2 చెప్తావా?" అని అడగడానికి మూడు రోజులు పట్టింది. "దాందేముందన్నా, రా" అన్నాడు, మూడు సెకన్లలో!

వాడు నా చేత ఒక లెక్క చేయించి, ఎక్కడ ఆగుతున్నానో చూశాడు. "అన్నా, నీకు లాప్లాస్ వస్తోంది. పార్షియల్ ఫ్రాక్షన్స్ రావడం లేదు" అన్నాడు. అది ఇంటర్ లెక్క! ఇన్వర్స్ లాప్లాస్ చేయాలంటే ఆ భిన్నాన్ని ముక్కలు చేయడం రావాలి, నాకు అదొక్కటే రాదు. రెండేళ్ళు "నాకు చదువు రాదు" అనుకున్నాను. నిజం ఏంటంటే నాకు ఒక చాప్టర్ రాదు. మొదటిదానికి మందు లేదు, రెండోదానికి పది రోజులు పట్టింది.

మీకూ "నా వల్ల కాదు" అనిపించినప్పుడు, ఏది కాదు, సరిగ్గా ఎక్కడ ఆగుతోంది అని అడగండి. మీకే కనపడకపోతే, కనపడేవాళ్ళను అడగండి.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నా. రోజుకు ఒక లెక్క, తేదీ వేసి, సొంతంగా చేసిందే అందులో రాస్తా. చూసి రాసింది ఎక్కించను. మనసు బాగాలేని రోజు వీడియో చూడను, ఆ పుస్తకం తిప్పుతా. అందులో ఉన్నది ఎవరూ కాదనలేరు, నేను కూడా.

ఇప్పటికి ఆరు పాసయ్యాయి. ఒకదాంట్లో మధ్యలో మళ్ళీ ఫెయిలయ్యాను, ఆ రోజు మామ మాట మళ్ళీ వినపడింది, పోయిన చోటికి తిరిగొచ్చినట్టు. ఇంకా మూడు మిగిలాయి, ఒక సంవత్సరం ఉంది. ఎం3 పరీక్ష వచ్చే నెల. కాబట్టి నాలుగు వారాలు కొత్త ఎపిసోడ్ ఉండదు. అమ్మ పిలుస్తోంది, బస్సు దిగారు జనం. టెంకాయలు కొట్టిపెట్టాలి, వస్తా.