పాత వెబ్ పుటలు నేడు చెదరి కనిపించుటకు కారణమేమి?



రాయగడ, గుణుపురం, జయపురం ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములు నేడు నూలు ధరలను, సంఘపు నోటీసులను ఫోనులో చూచుకొనుచున్నవి. కాని ఇరువది యేండ్లనాటి తెలుగు వెబ్ పుటను తెరచినచో, తరచుగా తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. బొమ్మ ఉండవలసిన చోట ఖాళీ గడి మిగులును. పుట పాడైనదని మనము వదలివేయుచున్నాము. పుట పాడు కాలేదు. దానిని చదువు సాధనము మారినది.

120 హుక్కుల జకార్డుకు కొట్టిన అట్టలను 240 హుక్కుల జకార్డుపై ఎక్కించినచో పువ్వు సరిగా దిగునా? అట్టలో తప్పు లేదు, జకార్డులో తప్పు లేదు. రెంటికి పొత్తు కుదరలేదు. వెబ్ పుటలోని కోడు అట్ట వంటిది. దానిని చదువు బ్రౌజరు జకార్డు వంటిది.

ఆనాడు తెలుగు అక్షరములకు అందరు పాటించు సంఖ్యలు వాడుకలో లేవు. ఒక్కొక్క ఫాంటు వారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను తమకు తోచినట్లు అమర్చిరి. ఆ ఫాంటు ఉన్నంతవరకే తెలుగు. అది లేనినాడు క్రింది ఇంగ్లీషు గుర్తులు బయటపడును. ఒడియా ఫాంటులును ఆ స్థానములనే వాడినవి. కనుక రెండు భాషలు చదువు మన సరిహద్దు కుటుంబములకు చిక్కు రెట్టింపైనది.

1991లో వెలువడిన యూనికోడ్ ఈ చిక్కును విప్పినది. అందు తెలుగునకు, ఒడియాకు వేరువేరు స్థానములు కలవు. 'అ' అక్షరము సంఖ్య 3077; ఏ దేశపు ఫోనులోనైనను అదియే.

ఇతర కారణములును కలవు. కొన్ని పుటలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను నమ్ముకొని ఫాంటును వెంట పంపెడివి. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న స్వస్తి చెప్పిరి. కదలు బొమ్మల ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగినది. వెడల్పు తెరకు కొలిచి కట్టిన గళ్ల పుటలు ఫోనులో చీమ తలకాయలంత అక్షరములతో కనబడును.

కావున సంఘముల కార్యవర్గములకు మా మనవి. పాత పుటలను తుడిచివేయవద్దు. వాటిని, వాటి ఫాంటుతో సహా, రెండు చోట్ల భద్రపరచుడు. పిమ్మట అక్షరములను యూనికోడులోనికి మార్పించుడు. మార్పు యంత్రము చేసినను, వత్తులను, సభ్యుల పేర్లను, అంకెలను తెలుగు తెలిసిన మనిషి సరిచూడవలెను. నోటీసును బొమ్మగా మాత్రమే పెట్టవద్దు, వెదకినచో దొరకదు. క్రొత్త పుటను చిన్న ఫోనులో చూచిన పిమ్మటనే ప్రకటించుడు.

ఇది అలంకారమునకై చెప్పు మాట కాదు. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ వస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి గుర్తింపు కోరువారు తమ నేతకు చరిత్ర ఆధారములు చూపవలసియుండును. రేపు మన నేతకును అట్టి అవసరము రావచ్చును. మన అంచుల వివరములు, సభ్యుల జాబితాలు ఎవరికిని చదువరాని గుర్తులుగా మిగిలినచో ఆనాడు ఏమి చూపగలము? పాత ఫాంటులు ఎరిగినవారు మన నడుమ ఉండగానే ఈ పనికి పూనుకొనవలెను.