పన్నెండో వాడు లేకపోతే పదకొండు మందీ లేనట్లే

శిఖరమెక్కి అడుగుకు జారిన హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు

ఫుట్‌బాల్ మైదానంలోకి దిగేది పదకొండు మందే. కాని కప్పు గెలిచేది ఆ పదకొండు మంది మాత్రమే కాదు. గీత బయట బెంచి మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసే వాడి కాలిలో కూడా గెలుపు దాగి ఉంటుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది ఇలాంటి వాడి వల్లే. రెండేళ్లు తిరిగేసరికి అదే జట్టు ఆ లీగులో ఆఖరి స్థానానికి పడిపోయింది. బెంచి మీద అలాంటి వాళ్లు లేకుండా పోవడమే అందుకు కారణం.

గోవాలో ఆ రాత్రి

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఫైనల్ జరిగింది. ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్. కేరళ నుంచి తరలివచ్చిన అభిమానుల పసుపు చొక్కాలతో స్టేడియం నిండిపోయింది. రెండో సగంలో కేరళ ఆటగాడు రాహుల్ గోలు కొట్టాడు. ఇక ఆట ముగిసినట్లేనని చాలామంది అనుకున్నారు.

అప్పుడు హైదరాబాద్ జట్టును ఆదుకున్నది పెద్ద పేరున్న ఆటగాడు కాదు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి లీగులోనే మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా ఆటగాడు ఒగ్బెచె కూడా కాదు. మధ్యలో రిజర్వు ఆటగాడిగా దిగిన గోవా యువకుడు సాహిల్ తవోరా. మైదానం మధ్య భాగంలో ఆడే ఇతను 88వ నిమిషంలో పెనాల్టీ బాక్సు బయటి నుంచి, గాలిలో ఉన్న బంతిని ఉన్నట్టుగానే తన్ని గోలు చేశాడు. స్కోరు 1-1 అయింది.

అదనపు సమయంలో కూడా ఫలితం తేలలేదు. పెనాల్టీలలో గోలు కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. హైదరాబాద్ తరఫున జోవావ్ విక్టర్, కమరా, నార్జరీ గోల్స్ చేయగా 3-1తో కప్పు హైదరాబాద్ వశమైంది. ఇందులో విక్టర్, కమరా ఇద్దరూ మధ్య భాగంలో ఆడే వారే కావడం విశేషం.

మధ్య వరుస తూము లాంటిది

పాత రోజుల్లో హాఫ్ బ్యాకులు అనేవారు. ఇప్పుడు మిడ్‌ఫీల్డ్ అంటున్నారు. పేరు మారినా పని మాత్రం మారలేదు. వెనుక వరుసను చెరువు అనుకుంటే, ముందు వరుస పొలం. ఈ రెంటికీ మధ్య ఉండే తూము మిడ్‌ఫీల్డ్. చెరువు నిండుగా ఉన్నా తూము పూడిపోతే పొలం ఎండుతుంది. తూము తెగిపోతే పంట మునుగుతుంది. బంతిని ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి, ఎటు వదలాలి అన్నది నిర్ణయించేది ఈ వరుసే.

అప్పటి హైదరాబాద్ జట్టులో ఈ తూము దగ్గర ఇద్దరు కాపలా ఉండేవారు. ఒకరు బ్రెజిల్ దేశస్థుడు, జట్టు కెప్టెన్ జోవావ్ విక్టర్. మరొకరు బెంగాల్ ఆటగాడు సౌవిక్ చక్రవర్తి. ఎదుటివారి కాళ్ల నుంచి బంతి లాక్కోవడం, తమవారికి అందించడం, వెనుక వరుసకు అడ్డుగా నిలబడడం వీరి పని. ఈ స్థానంలో ఆడేవాడు ఆగకుండా పరుగెత్తాలి. దెబ్బలు తగిలేది, పసుపు కార్డులు పోగయ్యేది కూడా ఇక్కడే ఎక్కువ. అందువల్ల ఈ ఇద్దరి వెనుక అదే పని తెలిసిన మరో ఇద్దరు ముగ్గురు సిద్ధంగా లేకపోతే సీజన్ గట్టెక్కడం కష్టం. హితేష్ శర్మ, తవోరా వంటి వారిని శిక్షకుడు సిద్ధంగా ఉంచుకున్నది ఇందుకే.

నియమాలు కూడా ఈ విషయంలో పెద్ద పాత్ర వహించాయి. ఆ సీజన్‌లో ఒక జట్టు తరఫున మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకు మించి ఉండరాదు. అంటే కనీసం ఏడుగురు మనవాళ్లు ఆడాలి. మ్యాచ్ మధ్యలో ఐదుగురిని మార్చుకోవచ్చు. డబ్బు పోసి నలుగురు విదేశీయులను తెచ్చుకోవడం ఏ క్లబ్బుకైనా సాధ్యమే. మిగతా ఏడుగురు, వారి వెనుక ఉండే రిజర్వులు ఎవరన్న దానిపైనే జట్టు సత్తా ఆధారపడి ఉంటుంది.

రెండేళ్లలో కట్టిన జట్టు

ఈ క్లబ్బు 2019లో ఏర్పడింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం అప్పట్లో దీని సొంత మైదానంగా ఉండేది. మొదటి సీజన్‌లో 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది. 2020లో స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చారు. పేరున్న వారి వెంట పడకుండా ఆయన కుర్రాళ్లను నమ్ముకున్నారు. ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, మణిపూర్ ఆటగాడు యాసిర్ వంటి వారికి వరుసగా అవకాశాలిచ్చారు. తప్పు చేసిన మరునాడే పక్కన పెట్టలేదు. మొదటి ఏడాది ఐదో స్థానం వచ్చింది. రెండో ఏడాది 20 మ్యాచ్‌లలో 38 పాయింట్లతో రెండో స్థానం, ఆపై కప్పు. మూడో ఏడాది మళ్లీ రెండో స్థానం.

ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు

కప్పు గెలిచిన జట్టు మీద అందరి కళ్లూ పడతాయి. 2022లోనే సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు, ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లిపోయారు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయి చేరాడు. ఒగ్బెచె వెళ్లిపోయాడు. శిక్షకుడు మార్క్వెజ్ కూడా గోవాకు మారారు.

ఇంతవరకు ఏ క్లబ్బులోనైనా జరిగేదే. అసలు దెబ్బ 2023-24 సీజన్‌లో తగిలింది. క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో పడింది. ఆటగాళ్లకు జీతాలు బకాయి పడ్డాయి. బకాయిల మూలంగా కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని అంతర్జాతీయ సంఘం ఫిఫా నిషేధం విధించింది. ఉన్నవారు పోతున్నారు, కొత్తవారు వచ్చే దారి మూసుకుపోయింది. సీజన్ సగంలో యాసిర్ గోవాకు, రక్షణ వరుసలోని చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు వెళ్లారు. విదేశీయులు కూడా దాదాపుగా ఖాళీ చేశారు.

మిగిలిన కుర్రాళ్లతో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్టో జట్టును నెట్టుకొచ్చారు. ఎవరిని ఆడించాలన్న ప్రశ్న పోయి, ఎవరున్నారన్న ప్రశ్న మిగిలింది. 22 మ్యాచ్‌లు ఆడి గెలిచింది ఒక్కటే. 2024 మార్చిలో చెన్నై జట్టు మీద వచ్చిన ఆ గెలుపుతో, ఐదు డ్రాలతో కలిపి మొత్తం 8 పాయింట్లు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. జీతం సక్రమంగా అందక, ఓటమి తప్పదని తెలిసి కూడా ప్రతి మ్యాచ్‌కూ బూట్లు కట్టుకుని దిగిన ఆ కుర్రాళ్లను తప్పు పట్టడానికి లేదు.

రహీం చూపిన దారి

హైదరాబాద్‌కు ఈ పాఠం కొత్తది కాదు. ఈ నగరానికి చెందిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలు సాధించిపెట్టిన ఘనత కూడా ఆయనదే. ఆయన స్థానిక కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో వాటం లేని కాలితోనే ఆడాలి. మరొకదానిలో బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని పరుగెత్తరాదు, వెంటనే మరొకరికి ఇవ్వాలి. ఇలా తయారైన కుర్రాడు ఏ స్థానంలో నిలబెట్టినా తడబడడు. రెండు ఒలింపిక్స్‌లలో ఆడిన హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ ఈ పోలీసు జట్టు వాడే.

ఆ ఆటగాళ్లకు పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. నెల జీతం ఇంటికి వచ్చేది. ఊరు వదిలి పోవలసిన అవసరం లేదు. అందుకే ఆ జట్టు ఒక్క కప్పుతో ఆగలేదు. రహీం 1963లో కన్నుమూశారు. ఆ తర్వాత కుర్రాళ్లను అంత శ్రద్ధగా తయారు చేసే పని సన్నగిల్లింది. నగర ఫుట్‌బాల్ కూడా క్రమంగా వెనుకబడింది.

స్టేడియం మిగిలింది

హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఇక్కడే ఉంది. నగరానికే చెందిన శ్రీనిధి దక్కన్ జట్టు 2022-23, 2023-24 సీజన్‌లలో ఐ-లీగ్‌లో రెండో స్థానం సాధించింది. నిజామాబాద్ జిల్లాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. పల్లెల్లో కాళ్లకు బలం లేక కాదు, ఆ కాళ్లకు మైదానం, నేర్పేవాడు, నెల తిరిగేసరికి జీతం కావాలి.

విత్తనం దాచుకోని రైతు ఒక ఏడాది బాగా పండించినా, మరుసటి ఏడాది అప్పు కోసం తిరగక తప్పదు. ఫుట్‌బాల్ జట్టుకు విత్తనం బెంచి మీద కూర్చున్న కుర్రాడు. రేపు హైదరాబాద్‌లో మరో జట్టు పెట్టదలచిన వారు ముందుగా లెక్కపెట్టవలసింది ఆ బెంచి మీది తలలనే.