‘కాదు’ అనడం రాని యంత్రం!

భూగర్భంలో ఓ చిన్న గది. ఇద్దరు సైనికాధికారులు డ్యూటీకి దిగారు. పిచ్చాపాటీ మాట్లాడుకుంటూ కుర్చీల్లో కూర్చున్నారో లేదో, మిస్సైళ్ళు వదలమని ఆజ్ఞ వచ్చేసింది! ఇద్దరి దగ్గరా చెరో తాళంచెవి. ఇద్దరూ ఒక్కసారే తిప్పాలి. చిన్నవాడు సిద్ధం. పెద్దవాడి చెయ్యి మాత్రం ఆగిపోయింది. రెండు కోట్లమంది ప్రాణాలు తీసేముందు ఎవరితోనైనా ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడాలంటాడు. చిన్నవాడు పిస్తోలు తీసి గురిపెట్టాడు. అయినా ఆ తాళంచెవి తిరగలేదు!

1983 జూన్‌లో విడుదలైన హాలీవుడ్ చిత్రం ‘వార్ గేమ్స్’ ఇలా మొదలవుతుంది. దర్శకుడు జాన్ బాధమ్. తీరా చూస్తే వచ్చింది నిజమైన ఆజ్ఞ కాదు, ఉత్తుత్తి పరీక్ష! ఆ పరీక్షలో నూటికి 22 మంది అధికారులు తాళంచెవి తిప్పలేదని తేలుతుంది. పైవాళ్ళు కంగారుపడ్డారు. మనుషులు తటపటాయిస్తున్నారు కాబట్టి మనుషుల్నే తీసేసి, ఆ పని కంప్యూటర్‌కి అప్పగిస్తే పోలా? అనుకున్నారు. అప్పగించేశారు కూడా!

ఆ తర్వాత కథ తెలిసిందే. డేవిడ్ అనే కుర్రాడు (మాథ్యూ బ్రోడెరిక్) కొత్త వీడియో గేములు దొరుకుతాయన్న ఆశతో ఇంట్లోంచే ఫోన్ లైన్ మీద ఆ కంప్యూటర్‌లోకి దూరతాడు. అణుయుద్ధం ఆట ఆడదామంటాడు. ‘సరే’నంటుంది యంత్రం. ఏది ఆటో, ఏది నిజమో దానికి తెలియదుగా మరి!

పాతకాలపు కంప్యూటర్లు చూసి ఇప్పుడు మనకి నవ్వొస్తుంది. కానీ ఆ మొదటి సీను మాత్రం నేటికీ వెన్నులో చలి పుట్టిస్తుంది. రాబోయే కాలాన్ని భయంకరంగా చూపించిన గొప్ప చిత్రాలన్నీ ఆ ఒక్క సీనునే తిప్పి తిప్పి చెప్పాయేమో అనిపిస్తుంది. యంత్రానికి తెలివి ఎక్కువైనందువల్ల ప్రమాదం రాలేదు. ‘కాదు, నేను చెయ్యను’ అనగల మనిషిని అక్కణ్ణించి తప్పించడం వల్లే వచ్చింది.

ప్రెసిడెంటు గారి సందేహం

అప్పటి అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ స్వయానా మాజీ సినిమా హీరో. ‘వార్ గేమ్స్’ విడుదలైన మర్నాడే, 1983 జూన్ 4న, క్యాంప్ డేవిడ్‌లో చిత్రం చూశారు. కొన్నాళ్ళకి జరిగిన ఓ సమావేశంలో కథంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఇలా నిజంగా జరుగుతుందా అని సైన్యాధిపతి జనరల్ వెస్సీని అడిగారు. ఆయన వారం రోజులు వాకబు చేసి వచ్చి చెప్పిన జవాబేమిటంటే, పరిస్థితి మీరనుకున్నదానికంటే అధ్వాన్నంగా ఉంది అని! 1984 సెప్టెంబరులో ప్రభుత్వ కంప్యూటర్ల భద్రతపై రీగన్ ఉత్తర్వు వెలువడడానికి మూలం ఈ సినిమాయే. సినిమాలు చూసి ఏం బాగుపడతారని మనింట్లో తిట్టే పెద్దలకి ఈ సంగతి చెప్పండి!

తెర మీద కాదు, నిజంగానే!

ఇక అసలు కథ వినండి. ‘వార్ గేమ్స్’ విడుదలై నాలుగు నెలలైనా కాలేదు. 1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటింది. మాస్కో దగ్గర ఓ రహస్య స్థావరంలో లెఫ్టినెంట్ కర్నల్ స్టానిస్లావ్ పెట్రోవ్ డ్యూటీలో ఉన్నాడు. అమెరికా వైపు నుంచి ఏ మిస్సైలు లేచినా ఉపగ్రహాల ద్వారా పసిగట్టే కంప్యూటర్ అక్కడుంది. ఉన్నట్టుండి సైరన్ మోగింది. ఒక మిస్సైలు వస్తోందంది యంత్రం. కాస్సేపటికి మరో నాలుగు!

పెట్రోవ్ చెయ్యాల్సిన పని ఒక్కటే. దాడి మొదలైందని పైవాళ్ళకి చెప్పడం. ఆయన ఆగాడు. నిజంగా యుద్ధమే చెయ్యదల్చుకుంటే అయిదే మిస్సైళ్ళు వదుల్తారా అని ఆలోచించాడు. అప్పుడు ఫోన్ తీసి, యంత్రం తప్పు చెబుతోందని రిపోర్టు ఇచ్చాడు. ఆ తర్వాత నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఏ మిస్సైలూ రాలేదు. మేఘాల మీద మెరిసిన సూర్యకాంతిని చూసి ఉపగ్రహం పొరబడిందని తర్వాత తేలింది!

ఆయనకి దక్కిందేమిటి? సన్మానమా? పతకమా? అబ్బే! ఆ రాత్రి రిజిస్టరు సరిగ్గా రాయలేదని చీవాట్లు!

పెట్రోవ్ ఆ రాత్రి తాళంచెవి తిప్పని ఆ పెద్ద అధికారి పాత్రే పోషించాడు. అయితే రిహార్సల్ లేదు, టేకులు లేవు. ఆ కుర్చీలో మనిషి లేకపోతే ఏమయ్యేదో ఊహించాలంటే మన ‘ఆదిత్య 369’ (1991) గుర్తు తెచ్చుకోండి. అందులో సింగీతం శ్రీనివాసరావు గారు మనల్ని కృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్ళి మురిపించి, ఆ వెంటనే 2504కి తీసుకెళ్ళి బెదిరించారు. ప్రపంచయుద్ధం తర్వాత నేలపైన రేడియేషన్, నేలకింద జనం! పిల్లలు టైమ్ మెషీన్ చూసి చప్పట్లు కొడితే, పెద్దలు ఆ సీన్ల దగ్గర నిశ్శబ్దమైపోయారు.

హాల్ చేసిన తప్పేమిటి?

‘కాదు’ అన్న యంత్రం ఒకటుంది కదా, దాని మాటేమిటంటారా? నిజమే! స్టాన్లీ కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)లో అంతరిక్షనౌకని నడిపే కంప్యూటర్ హాల్, బయటున్న వ్యోమగామి తలుపు తెరవమంటే కుదరదు పొమ్మంటుంది. చాలామంది దాన్ని పచ్చి విలన్‌గానే గుర్తుపెట్టుకున్నారు. కానీ 1984లో వచ్చిన రెండో భాగం ‘2010’లో అసలు గుట్టు బయటపడుతుంది. ప్రయాణం ఎందుకో నౌకలో మెలకువగా ఉన్నవాళ్ళకి చెప్పొద్దని హాల్‌కి పైనుంచి రహస్య ఆజ్ఞ ఉంది. ఉన్నదున్నట్టు చెప్పడానికి తయారైన యంత్రానికి అబద్ధమాడమని నేర్పారు! ఆ ఆజ్ఞకి అది ‘కాదు’ అనలేకపోయింది. మతి చెడింది.

మన ‘రోబో’ (2010)లోనూ ఇదే తంతు. చిట్టి వెయ్యి పనులు చేస్తాడు, చిటికెలో పుస్తకాలు నమిలేస్తాడు. పరీక్ష రోజున డాక్టర్ బోరా వసీకరణ్‌ని పొడవమంటే, సృష్టికర్త అని కూడా చూడకుండా పొడవబోతాడు! చెప్పిన పని చెయ్యడం వచ్చుగానీ, చెయ్యకూడని పని మానడం రాదు. శంకర్ ఈ సంగతిని వంద గ్రాఫిక్స్ మధ్య రెండు నిమిషాల్లో చెప్పి వెళ్ళిపోయారు. రజనీకాంత్ విగ్గులూ, స్టైలూ చూస్తూ మనం దాన్ని దాటేశాం!

నకిలీ మారియా!

ద్విపాత్రాభినయం అంటే మనవాళ్ళకి మహా ఇష్టం. ‘రాముడు - భీముడు’ (1964) నాటినుంచీ అంతే. అయితే వెండితెర మీద ఒక యంత్రం మనిషి రూపంతో డబుల్ రోల్ వేసిన చిత్రం అంతకు చాలా ముందే వచ్చింది. 1927లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ ‘మెట్రోపోలిస్’. పైన ధనవంతుల మేడలు, కింద పాతాళంలో కార్మికులు. వాళ్ళకి మారియా అనే అమ్మాయి మాటంటే వేదం. నగరాధిపతి ఓ శాస్త్రవేత్తని పిలిచి, మారియా ముఖాన్ని యంత్రానికి తగిలించమంటాడు. నకిలీ మారియా జనంలోకి వెళ్ళి రెచ్చగొడుతుంది. కార్మికులు యంత్రాలు బద్దలుకొడితే, నీళ్ళు ముంచెత్తింది వాళ్ళ ఇళ్ళనే! పిల్లలు కొద్దిలో బతికి బయటపడ్డారు. రెండు పాత్రలూ బ్రిగిట్టె హెల్మ్ ఒక్కతే వేసింది. ఆ యంత్రం కూడా నిష్కారణంగా చెడ్డది కాలేదు. ఎవరి ముఖం తగిలిస్తే ఆ ముఖం పెట్టుకుంది, ఏం చెప్పమంటే అది చెప్పింది.

తొంభై ఆరేళ్ళ తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని ఇంకెవరో అమ్మాయి వీడియోకి అతికించి ఇంటర్నెట్‌లో వదిలారు. నిజమనుకుని లక్షలమంది చూశారు. అమితాబ్ బచ్చన్ లాంటివారు చట్టరీత్యా చర్య తీసుకోవాలన్నారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఓ యువకుణ్ణి అరెస్టు చేశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు పెరగాలని ఈ పని చేశాడన్నది పోలీసుల మాట. ‘మెట్రోపోలిస్’లో అయితే నగరాన్ని ఏలేవాడూ, పిచ్చి శాస్త్రవేత్తా కావలసివచ్చారు. ఇప్పుడు ఒక కంప్యూటరు, నాలుగు లైకుల మీద ఆశ చాలు!

అదే 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. జూనియర్ ఆర్టిస్టుల రూపాన్ని ఒక్కరోజు కూలితో స్కాన్ చేసుకుని ఆపైన ఇష్టమొచ్చినట్టు వాడుకోవాలని చూస్తున్నారన్నది నటుల సంఘం ఆరోపణ. నిర్మాతలు అలాంటిదేం లేదన్నారు. చివరికి నటుడి అనుమతి లేకుండా, డబ్బు చెల్లించకుండా అతని నకలు తయారుచెయ్యకూడదన్న షరతులు ఒప్పందంలోకి ఎక్కాయి. అవి ఏ యంత్రమూ దయతలచి ఇచ్చినవి కావు. కూలి పోగొట్టుకుని వీధుల్లో నిలబడ్డ మనుషులు ‘కాదు’ అన్నారు కాబట్టి వచ్చాయి.

తాళంచెవి మీ దగ్గరే ఉంది!

ఆ గదులూ, ఆ సైరన్లూ మనకెందుకు, మనమేం సైనికాధికారులమా అంటారేమో! రేపు మీ ఫోన్‌కి మీ అభిమాన తారదో, మీ కాలేజీ అమ్మాయిదో ఒక వీడియో వస్తుంది. చూడగానే నమ్మాలనిపిస్తుంది. పదిమందికి పంపాలనిపిస్తుంది. పంపమని ఒక్క నొక్కు నొక్కితే ఫోన్ కిమ్మనకుండా పంపేస్తుంది. అది అడగదు, ఆలోచించదు. చిట్టికి రానిది దానికీ రాదు.

వేలు పెట్టబోయేముందు ఒక్క క్షణం ఆగండి. ఇది నిజమా? నిజమే అయినా పంపదగ్గదా? ఆ రాత్రి పెట్రోవ్ ఆగింది కూడా అంతే... కొద్ది నిమిషాలు. మీరూ ఆగి చూడండి!