మొగకు ఒక గాలం, అలలకు ఒక గాలం

బాహుదా నది ఒడిశా కొండలలో పుట్టి, ఇచ్ఛాపురం మీదుగా ఆంధ్ర నేలను దాటి, మరల ఒడిశాలో ప్రవేశించి సునాపూర్ వద్ద సముద్రంలో కలుస్తుంది. యానాం పుదుచ్చేరికి చెందినదైనా దాని పక్కన పారేది గౌతమీ గోదావరి. పులికాట్ సరస్సులో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లోను, కొంత భాగం తమిళనాడులోను ఉన్నది. ఈ నీళ్ళ ఒడ్డున తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు గాలం కొత్త వస్తువు కాదు. గంజాం తీరంలో ఒడియా వారు ‘నోళియాలు’ అని పిలిచే తెలుగు బెస్తలు కేవలం చేతిదారంతో, సీసపు గుండుతో చేపను ఒడ్డుకు లాగిన నేర్పరులు.

ఇప్పుడు చేతిదారం స్థానంలో రాడ్డు, రీలు వచ్చాయి. దూర ప్రాంతాలలో పనిచేసి పండుగకు ఇంటికి వచ్చిన కుర్రవాళ్ళు పట్టణంలోని దుకాణానికి వెళ్ళి, మెరిసే రీలును చూసి ముందుగా దానిని కొంటున్నారు. తరువాత దానికి తగిన రాడ్డును, చివరకు దారాన్ని వెదుకుతున్నారు. ఇది తలక్రిందుల పద్ధతి. చెరువులో వాడవలసిన సామగ్రి అలల ముందు నిలువదు. ఒక్క ఉప్పుగాలి కాలంలోనే రీలు బిగుసుకుపోయి, అటకెక్కిన రాడ్లు తీరగ్రామాలలో తక్కువేమీ కాదు. అది కష్టార్జితమైన సొమ్ము. కావున కొనుటకు ముందే ఒక క్రమంలో ఆలోచించడం మేలు. మొదట నీరు, తరువాత చేప, ఆపైన సీసం బరువు, దానిని బట్టి దారం, రాడ్డు, అన్నిటికీ చివర రీలు.

రెండు నీళ్ళు, రెండు స్వభావాలు

తెరచిన సముద్రతీరంలో అలలు విరిగే చోటికి ఆవలనో, రెండు ఇసుక దిబ్బల మధ్యనున్న లోతులోనో చేప తిరుగుతుంది. అక్కడికి ఎర చేరాలంటే దూరం విసరవలెను. చేరిన ఎర అలల తాకిడికి కొట్టుకొని రాకుండా నిలవవలెను. అందుచేత అక్కడ బరువు ముఖ్యం.

నది మొగలోను, ఉప్పుటేటిలోను పరిస్థితి వేరు. చేప తరచు గట్టుకు సమీపంలోనే, మడచెట్ల వేళ్ళ వద్ద, వంతెన స్తంభాల నీడలో, లోతు మారే అంచులలో పొంచి ఉంటుంది. అక్కడ దూరం కంటె గురి ముఖ్యం. అయితే ఆ నీరు నిలిచి ఉండదు. మన తూర్పు తీరంలో రోజుకు సుమారుగా రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. వాటి వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపులలో ఒరవడి బలంగాను, అష్టమి దరిదాపులలో మందంగాను ఉంటుంది. అష్టమినాడు 20 గ్రాముల సీసం నిలిచిన చోటనే అమావాస్యనాడు 40 గ్రాములు అవసరం కావచ్చు. పంచాంగం చూచే ఇంటికి ఈ లెక్క కష్టమైనది కాదు.

ఏ చేప గాలానికి వస్తుంది?

యానాం ప్రాంతంలో పులస కోసం గాలం అడిగేవారు ఉండవచ్చు. కాని పులస నీటిలోని సూక్ష్మజీవులను మొప్పలలోని జల్లెడవంటి అమరికతో వడగట్టుకొని తినే చేప. అది వలకు దొరికేదే తప్ప ఎరను వెంబడించేది కాదు. దానికోసం సామగ్రి కొనడం వృథా. కొయ్యింగలు కూడా అధికంగా నాచును, బురదలోని సేంద్రియ పదార్థాన్ని తినేవే. చిన్న గాలానికి పిండిముద్ద పెట్టినప్పుడు మాత్రమే కొంత ఆశ.

గాలానికి వచ్చేవి వేటాడే చేపలు. మొగలో పండుగప్ప, తీరంలో మాగ, గొరక, పార, రెండు చోట్లా జెల్ల, టేకు ఈ కోవలోనివి. వీటిలో పండుగప్ప మొప్ప కప్పు అంచు కత్తివలె పదునైనది. దాని నోరు గరుకైనది. సన్నని దారానికి నేరుగా గాలం కట్టినవారు చేపతోపాటు గాలాన్ని కూడా పోగొట్టుకుంటారు.

అలల తీరానికి

సీసం 80 నుండి 150 గ్రాముల వరకు. గుండ్రని సీసం ఇసుకలో దొర్లుతుంది. పిరమిడ్ ఆకారం గలది గాని, తీగల కొక్కేలు గలది గాని ఇసుకను పట్టుకొని నిలుస్తుంది. రాడ్డు 11 నుండి 13 అడుగులు. రాడ్డు పిడికి పైభాగాన అది విసరగల బరువు గ్రాములలోనో, ఔన్సులలోనో ముద్రించి ఉంటుంది. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. ఆ అంకెలు లేని రాడ్డును కొనకపోవడం ఉత్తమం. పొట్టివారు 13 అడుగుల రాడ్డును సరిగా ఊపలేరు; అట్టివారికి 11 అడుగులదే ఎక్కువ దూరం ఇస్తుంది.

రీలు 5000 నుండి 8000 సంఖ్య గలది. దారం 0.35 మిల్లీమీటర్ల నైలాను. దీనికి ముందు మరొక దళసరి దారం తప్పనిసరి. దుకాణాలలో దీనిని షాక్ లీడరు అంటారు. విసరే క్షణంలో సీసం దారాన్ని బలంగా గుంజుతుంది. సన్నని దారం ఆ క్షణంలో తెగితే 100 గ్రాముల సీసం తుపాకి గుండువలె ఎటు పోతుందో చెప్పలేము. సీసపు బరువు ప్రతి 10 గ్రాములకు లీడరు బలం సుమారు 1.6 కిలోలు ఉండవలెనని లెక్క. అనగా 100 గ్రాముల సీసానికి 16 కిలోల లీడరు. దాని పొడవు రాడ్డుకు రెట్టింపు ఉండి, ఇంకా రీలుపై నాలుగైదు చుట్లు మిగలవలెను. పిల్లలు ఆడుకునే తీరంలో ఈ నియమాన్ని విడువరాదు.

మొగకు, ఉప్పుటేటికి

రాడ్డు 7 నుండి 9 అడుగులు, విసిరే బరువు 15 నుండి 40 గ్రాములు, రీలు 2500 నుండి 4000. దారం 0.28 లేక 0.30 మిల్లీమీటర్ల నైలాను. నడిమి రంధ్రంగల గుడ్డు ఆకారపు సీసాన్ని దారంపై జారేటట్లు ఎక్కిస్తే, చేప ఎరను అందుకొన్నప్పుడు బరువు తగలదు, అనుమానపడి విడిచిపెట్టదు. పండుగప్ప ఉన్న చోట గాలానికి ముందు 0.60 మిల్లీమీటర్ల దళసరి దారం ఒక మీటరు కట్టవలెను.

బ్రెయిడ్ అనే అల్లిక దారం సన్నగా ఉండి బలం ఎక్కువ. సాగదు గనుక చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది. కాని ఆలిచిప్పలు అంటుకొన్న స్తంభాలకు రాసుకొంటే ఇట్టే తెగుతుంది. చేతికి చుట్టుకొని లాగితే వేళ్ళను కోస్తుంది. కొత్తవారికి నైలానే క్షేమం.

గాలం, ఎర

గాలాల సంఖ్య చాలమందిని తికమక పెడుతుంది. 8, 6, 4, 2, 1 అని అంకె తగ్గినకొద్దీ గాలం పెద్దది. ఆ తరువాత 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగినకొద్దీ పెద్దది. గొరకకు 4 నుండి 1 వరకు, మాగకు 1/0 లేక 2/0, ప్రాణమున్న ఎరతో పండుగప్పకు 3/0 నుండి 5/0 వరకు సరిపోతాయి. మొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ గాలం చేప పెదవి మూలకే తగులుకొంటుంది. చిన్న చేపను గాయపరచకుండా తిరిగి నీట విడువవచ్చు. దానితో ఒక్కసారిగా గుంజరాదు. దారాన్ని నెమ్మదిగా బిగిస్తే చాలు.

ఎర కోసం డబ్బు పెట్టనక్కరలేదు. ఆ నీటిలో దొరికే రొయ్య, చిన్న కొయ్యింగ, ఇసుకలోని పురుగు, చిప్పల మాంసం, వీటికి మించిన ఎర దుకాణంలో లేదు.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

చిన్న దూది పింజను రాడ్డుకున్న ప్రతి ఉంగరం లోపల తిప్పి చూడవలెను. దూది పోగు తగులుకొంటే ఆ ఉంగరం బీటవారినట్లే. అది ఎంత మంచి దారాన్నైనా కోస్తుంది. రాడ్డు ముక్కలు కలిపినప్పుడు అతుకు వద్ద కదలిక ఉండరాదు. ఫైబరు గ్లాసు రాడ్డు బరువు ఎక్కువైనా మోటుతనాన్ని ఓర్చుకొంటుంది. కార్బన్ రాడ్డు తేలికైనదే గాని రాతికి తగిలితే పగిలే స్వభావం గలది. అంతకంటె ముఖ్యమైన సంగతి, కార్బన్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. కాలువ గట్ల మీద కరెంటు తీగల క్రింద దానిని నిలువుగా పట్టుకొని నడవడం ప్రాణాంతకం. ఉరుము వినిపించగానే ఏ రాడ్డునైనా దించి, తీరాన్ని వదిలి సురక్షితమైన భవనంలోకి చేరవలెను.

రీలుకు ఉన్న డ్రాగ్ బిగింపు, చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే ఏర్పాటు. దానిని దారం బలంలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు అమర్చవలెను. ఇంటిలోని కొక్కెపు త్రాసుకు దారం కట్టి లాగి చూస్తే సరి. 8 కిలోల దారమైతే 2 కిలోల వద్ద రీలు జారడం మొదలు కావలెను.

ఉప్పు, ముల్లు, సీసం

ఇంటికి రాగానే డ్రాగ్‌ను బిగించి, రీలు మీద మంచినీటిని మెల్లగా చల్లి, తుడిచి, ఆరిన తరువాత డ్రాగ్‌ను వదులు చేయవలెను. సముద్రపు నీటిలో ముంచి కడగడం రీలుకు హాని. ఈ ఐదు నిమిషాల శ్రద్ధే రీలు ఆయుష్షు.

జెల్ల వీపు ముల్లు, పక్క ముళ్ళు, టేకు తోక ముల్లు విషపూరితమైనవి. గాలం ఊడదీయుటకు పొడవాటి పటకారు సామగ్రిలో భాగమే అనుకోవలెను. గుచ్చుకొంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆపైన వైద్యుని చూడవలెను. సీసాన్ని పళ్ళతో కొరకడం, వంటపొయ్యి మీద కరిగించడం పిల్లలున్న ఇంటిలో అసలు తగదు. తెగిన నైలాను దారాన్ని తీరంలో వదలివేస్తే తాబేళ్ళకు, పక్షులకు అది ఉరి అవుతుంది. ఋషికుల్య మొగ వద్దకు వేలాదిగా వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ తీరమిది.

చేపలవేట నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. బాహుదా ఎగువన ఒక ప్రభుత్వం, మొగ వద్ద మరొక ప్రభుత్వం. కోరింగ అభయారణ్యంలోను, పులికాట్‌లోని పక్షి సంరక్షణ ప్రాంతాలలోను అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి. గట్టు మారినప్పుడు అక్కడి మత్స్యశాఖ, అటవీశాఖ కార్యాలయాలలో అడిగి తెలుసుకొనడం మర్యాద, క్షేమం కూడా.

ఒకే రాడ్డుకు డబ్బు ఉన్న కుటుంబం ఏది కొనవలెను? ఉప్పుటేటికి తగిన 9 అడుగుల రాడ్డు, 4000 రీలు, 0.30 దారం. అలలు మందంగా ఉన్న రోజున తీరంలో కూడా 40 గ్రాముల సీసంతో దగ్గరి చేపను అది అందుకొంటుంది. 13 అడుగుల రాడ్డు మాత్రం మడచెట్ల మధ్య తిరుగుటకు పనికిరాదు. పైగా గట్టు మీద నిలబడి పట్టే వేట అలలలో నడుములోతు దిగే వేటకంటె క్షేమకరం. అయితే మొగ వద్ద పాటు లాగే వేళ నీటిలో అడుగు పెట్టరాదు. ఎంత ఖరీదైన సామగ్రి ఉన్నా ఆ ఒరవడి ముందు మనిషి బలం చాలదు.