పురుగు మందుకు లొంగకపోవుట ఎందువలన? – పళ్ళెములో ఒక పరీక్ష



నిరుడు చచ్చిన పురుగు ఈ యేడు అదే మందుకు ఏల చావదు? "మందు కల్తీ" అని కొందరు, "పురుగుకు మందు అలవాటైనది" అని కొందరు అందురు. కల్తీ మందు ఉండవచ్చును. కాని మందు మంచిదైనను పురుగు చావని కాలము వచ్చును. కారణము తెలిసికొనుటకు ఒక పళ్ళెము, దోసెడు పెసలు, దోసెడు మినుములు చాలును. బడిలో పిల్లలచేత, రైతు వేదికలో పెద్దలచేత ఈ పరీక్ష చేయించవచ్చును.

పరీక్ష చేయు విధము

పళ్ళెములో 100 పెసలు పోయవలెను. ఇవి చేనిలోని పురుగులు. ఒకరు కండ్లు మూసుకొని రెండు పెసలు తీసి, వాని స్థానమున రెండు మినుములు వేయవలెను. జీవులు సంతానమును కనునప్పుడు జన్యువులలో ఎప్పుడో ఒకప్పుడు ఇట్టి మార్పు దానంతటదే కలుగును. దీనిని ఉత్పరివర్తనము అందురు. అది పురుగు అవసరమును చూచి రాదు. అందుకే కండ్లు మూసుకొనుట. ఆ రెండు మినుములు మందును తట్టుకొను పురుగులు. మందు చల్లకముందే అవి చేనిలో ఉన్నవని గమనించండి.

ఇప్పుడు మందు చల్లవలెను. అనగా పెసలలో పదింట తొమ్మిది తీసివేయవలెను, మినుములను ముట్టరాదు. సుమారు 10 పెసలు, 2 మినుములు మిగులును. బ్రతికినవి పిల్లలు పెట్టును గనుక వీనిని ఎనిమిదింతలు చేయండి: 80 పెసలు, 16 మినుములు. రెండవసారి చల్లినచో 8 పెసలు, 16 మినుములు మిగులును. నాలుగింతలు చేసినచో 32 పెసలు, 64 మినుములు. మూడవసారి చల్లిన పిమ్మట మిగులునవి దాదాపు అన్నియు మినుములే.

మందు తగిలి ఒక్క పెసరగింజయైనను మినుముగా మారలేదు. లొంగునవి చచ్చినవి, లొంగనివి పెరిగినవి. ఇదే ప్రకృతి వరణము.

మన చేలలో జరిగినది

కాశిబుగ్గ చేరువనున్న ఏనుమాముల మార్కెట్టుకు ప్రత్తి తెచ్చు రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. 1997-98లో వరంగల్లు జిల్లాలో మందు మీద మందు చల్లినను పురుగు ఆగలేదు. పంట పోయి, అప్పులు మిగిలి, ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. 2002లో బీటీ ప్రత్తికి, 2006లో రెండు బీటీ జన్యువులు గల ప్రత్తికి అనుమతి వచ్చినది. గులాబి రంగు పురుగు మొదటి రకమును తట్టుకొన్నట్లు 2010లో గుజరాతులో వెల్లడియైనది. తరువాతి ఏండ్లలో రెండవ రకమునకును అది లొంగుట మానినది.

నివారణ ఏమి?

ఈ మారు మందు చల్లిన ప్రతిసారి, వేరుగా ఉంచిన 20 పెసలను పళ్ళెములో కలిపి, అన్నిటిని మూడింతలు చేయండి. రెండుసార్లు చల్లిన పిమ్మట మినుములు 64కు బదులు 18 మాత్రమే ఉండును. బీటీ చేని చుట్టు వేసెడి బీటీయేతర ప్రత్తి వరుసల ప్రయోజనము ఇదియే. అందు పెరిగిన పురుగులు, లొంగని పురుగులతో జతకట్టినచో, పుట్టు సంతతిలో పెక్కు బీటీకి లొంగునన్నదే ఈ పద్ధతికి ఆధారము. ఇందుకై పూర్వము బీటీ విత్తనముతోపాటు 120 గ్రాముల వేరు పొట్లము ఇచ్చెడివారు. పలువురు దానిని విత్తక పారవేసిరి.

గులాబి రంగు పురుగుకు ముఖ్యాహారము ప్రత్తియే. కనుక పంటను వేసవివరకు పొడిగించరాదు. ఏరుట ముగిసిన వెంటనే చేనిలో పశువులను, మేకలను మేపి, మిగిలిన కాయలను, కట్టెను తొలగించవలెను. లింగాకర్షక బుట్టలు పెట్టి పురుగు ఉనికిని కనిపెట్టవలెను. అవసరమైనప్పుడే మందు చల్లవలెను. ఒకే తరగతి మందును మరల మరల వాడరాదు.

ఒక్కరు పాటించి, ఇరుగుపొరుగు మానినచో ఫలితము తక్కువ. రెక్కల పురుగుకు గట్టు అడ్డము కాదు గనుక ఊరంతయు కలిసి చేయవలెను.